డిసెప్షన్ రూల్ అన్ని ల్యాప్‌టాప్‌లకీ వద్దనుకున్నాం

మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ డిఫెండర్ ఎక్స్‌డీఆర్‌లో, చొరబడినవాళ్లని ఎరలు వేసి పట్టే డిసెప్షన్ ఫీచర్ ఉండేది. 2025లో దాన్ని ఆపేసేదాకా, బెల్లందూరులోని మా ఆఫీసులో 2024 నుంచి వాడాం. ఆన్ చేయగానే డిఫాల్ట్ రూల్ ఒకటి దానంతటదే తయారై, విండోస్ ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లన్నిటిలో ఎరలు పెట్టేసేది: లేని ఉద్యోగుల అకౌంట్లు, లేని మెషీన్ల పేర్లు, వాటి ప్రస్తావన ఉన్న ఫైళ్లు. లినక్స్ మెషీన్లలో ఎరలు పడేవి కావు. నకిలీ అకౌంట్‌తో లాగిన్‌కి ప్రయత్నించినా, నకిలీ మెషీన్‌కి కనెక్ట్ కాబోయినా అలర్ట్ వచ్చేది. మామూలు ఉద్యోగికి వాటితో పనేం ఉండదు కాబట్టి, అలర్ట్ వచ్చిందంటే నమ్మొచ్చు.

నమ్మొచ్చు అన్నాను గానీ, మొదట్లో వచ్చినవన్నీ మావాళ్ల పుణ్యమే. ఎరగా పెట్టిన షార్ట్‌కట్ చూసి సపోర్ట్ కుర్రాడు "ఇదేం సర్వర్?" అని నొక్కేవాడు. పెన్‌టెస్ట్ టీమ్ సంగతి చెప్పనే అక్కర్లేదు, మా సిస్టమ్‌లలోకి దొంగలా చొరబడి లోపాలు వెతకడమే వాళ్ల ఉద్యోగం. సైబర్ దాడి లాంటి సంఘటన గమనించిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి చెప్పాలని 2022 నుంచి నిబంధన ఉంది కదా, నైట్ షిఫ్ట్‌లో అలాంటి అలర్ట్ పడితే ఒకటే టెన్షన్.

అందుకే "అన్ని డివైజ్‌లు" తీసేసి, ట్యాగ్ (మెషీన్‌కి తగిలించే గుర్తు పేరు) ఉన్న మెషీన్లకే రూల్ పరిమితం చేశాం. ఏ ట్యాగ్‌లు అన్న దగ్గరే పేచీ. నెల్లూరుకి చెందిన మా టీమ్ లీడ్, పై అధికారుల ల్యాప్‌టాప్‌లకి చాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. దొంగ ముందు అడుగుపెట్టేది రిక్రూటర్ తెరిచిన రెజ్యూమెలోంచో, అకౌంట్స్‌వాళ్లకి వచ్చిన ఇన్‌వాయిస్‌లోంచో. ఎలుక తిరిగే దారిలో కదా బోను పెట్టాలి. చివరికి హెచ్‌ఆర్, ఫైనాన్స్, సేల్స్ లోపల. సపోర్ట్, పెన్‌టెస్ట్ బయట. అప్పట్నుంచి అలర్ట్ పడితే చేతిలో కాఫీ పక్కన పెట్టి చూసేవాళ్లం.

విసిగించింది ట్యాగ్‌ల నిర్వహణే. డిఫెండర్ వెబ్ పోర్టల్‌లో చేత్తో పెట్టుకుంటూ పోతే, కొత్తగా చేరినవాళ్ల ల్యాప్‌టాప్ ఎవరికీ తెలియకుండా రూల్ పరిధి బయటే ఉండిపోయేది. విండోస్ సెట్టింగ్‌లు దాచే రిజిస్ట్రీ ద్వారా పెడితే ఆ బాధ తప్పుతుంది. కాకపోతే ఆ సమాచారం రోజుకోసారే పోర్టల్‌కి చేరుతుంది, ట్యాగ్ పెట్టిన గంటకే కనిపించలేదని కంగారుపడకండి.

డిఫాల్ట్ ఎరలు కాస్త చప్పగా ఉండేవి. మన ఫైళ్లు మనమే ఎరగా ఎక్కించుకునే వీలుండేది, ఒక్కోటి 10 ఎంబీ దాకా. ఈఎక్స్‌ఈ, డీఎల్‌ఎల్ లాంటి ప్రోగ్రామ్ ఫైళ్లు మాత్రం కుదిరేవి కావు. ఫైనాన్స్ ట్యాగ్‌కి వెండార్ పేమెంట్ల షీట్ తయారుచేసి, అందులో నకిలీ అకౌంట్ పేరు ఇరికించాం. ఆ షీట్ సేల్స్ మెషీన్లలో కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, అందుకే వాళ్లకి వేరే రూల్ పెట్టాం.