ఫర్మ్‌వేర్ చెప్పిన వేగాన్ని లైనక్స్ ఎంతవరకు నమ్ముతుంది? కెర్నెల్ కాలగణనపై సమీక్ష

ప్రాసెసర్ గడియారం ఎంత వేగంతో నడుస్తుందో చాలా యంత్రాలలో ఫర్మ్‌వేరే (యంత్రంలోనే నిక్షిప్తమై, దాన్ని మొదలుపెట్టే సాఫ్ట్‌వేరు) చెబుతుంది. ఆ అంకె తప్పయినప్పుడు లైనక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) ఎలా నెట్టుకొస్తుందన్నదే ఈ సమీక్షలోని విషయం. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ తరహా ప్రాసెసర్లు), ఆర్మ్ (ఫోన్లు, చిన్న బోర్డుల్లో కనిపించే ప్రాసెసర్లు) యంత్రాలు రెండింటిపైనా వాడి చూశాక, మొదటిదానికి 5కు 4, రెండోదానికి 5కు 2 మార్కులు వేస్తున్నాను.

ఎక్స్86లో పనితనం మెచ్చుకోదగినది. 1993లో పెంటియమ్‌తో వచ్చిన టీఎస్‌సీ రిజిస్టరు (ప్రాసెసరు లోపలి టిక్కుల లెక్క) ఎన్ని టిక్కులు గడిచాయో చెబుతుందే గాని, సెకనుకు ఎన్ని టిక్కులో చెప్పదు. అందువల్ల వేగం ముందే తెలిసిన మరో టైమరును, అంటే 1193182 హెర్ట్జ్‌తో నడిచే పీఐటీనో, 3579545 హెర్ట్జ్‌తో నడిచే ఏసీపీఐ పీఎం టైమరునో ఆధారంగా చేసుకుని కెర్నెల్ తానే కొలుచుకోగలదు. బూట్ తొలి క్షణాల్లో తీసిన ఆ కొలత తొందరపాటుది కనుక, తరువాత సుమారు ఒక సెకను పాటు మళ్లీ కొలిచి దాన్ని సరిదిద్దుతుంది. ఆపైన కూడా టీఎస్‌సీ దారి తప్పితే కెర్నెల్‌లోని వాచ్‌డాగ్ అనే కాపలా కోడ్ పసిగట్టి, దాన్ని పక్కనబెట్టి హెచ్‌పీఈటీ వంటి మరో టైమరుకు మారుతుంది. దాన్ని చదవడం నిదానమే అయినా అది నమ్మదగినది.

ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో చెప్పాలి. రెండో కొలతకూ మొదటిదానికీ తేడా 1 శాతం దాటితే, కెర్నెల్ రెండోదాన్నే వదిలేసి పాత అంకెతో కొనసాగుతుంది. అంటే చిన్న తప్పు దిద్దుబాటుకు నోచుకుంటుంది, పెద్ద తప్పు వాచ్‌డాగ్ దయ మీద ఆధారపడుతుంది. 1 శాతమంటే రోజుకు 864 సెకన్లు. నెట్‌వర్క్ ద్వారా గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ నెమ్మదిగా సర్దగలిగే హద్దు పది లక్షలకు 500 వంతులు, అంటే రోజుకు 43 సెకన్లు మాత్రమే. పైగా ప్రాసెసరు తన క్రిస్టల్ (గడియారానికి లయనిచ్చే స్ఫటికం) వేగాన్ని తానే ప్రకటిస్తే ఈ రెండో కొలతే జరగదు. అలాగని అంకెలను కెర్నెల్‌లోనే రాసి పెట్టుకోవడం మందు కాదు. ఇంటెల్ స్కైలేక్ సర్వర్ మోడల్‌కు క్రిస్టల్ వేగం 25 మెగాహెర్ట్జ్ అని కెర్నెల్‌లో స్థిరంగా రాసి ఉండగా, అదే మోడల్ సంఖ్య గల వర్క్‌స్టేషన్లలో 24 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉండటం వల్ల వాటి గడియారాలు 4 శాతం తప్పాయి. ఆ అంకెను తరువాత తీసేయవలసి వచ్చింది.

ఆర్మ్ సంగతి వేరు. అక్కడ సీఎన్‌టీఎఫ్‌ఆర్‌క్యూ అనే రిజిస్టరులో ఫర్మ్‌వేరు ఒక సంఖ్య రాసి పెడుతుంది. హార్డ్‌వేరు ఆ సంఖ్యను పట్టించుకోదు, కెర్నెల్‌కు దాన్ని మార్చే అధికారం లేదు, పోల్చి చూసే అలవాటూ లేదు. నేను కొన్న ఒక చిన్న బోర్డులో కౌంటరు నిజానికి 24 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంటే రిజిస్టరులో 19.2 మెగాహెర్ట్జ్ అని ఉంది. ఫలితంగా 60 సెకన్లు ఆగమన్న ఆదేశం 48 సెకన్లకే ముగిసేది, గడియారం గంటకు పావుగంట ముందుకు పరుగెత్తేది, ఎన్‌టీపీ దాన్ని మాటిమాటికీ వెనక్కి లాగేది. ఇంత జరుగుతున్నా కెర్నెల్ లాగ్‌లో ఒక్క హెచ్చరిక కూడా లేదు. చేతి గడియారం పక్కన పెట్టుకుంటే గాని తప్పు ఎక్కడుందో నాకు బోధపడలేదు.

(ప్రాసెసర్ వేగాన్ని చూపించే భాగం ఇంతకంటే వింతగా ప్రవర్తిస్తుంది. ప్రాసెసరు వేగాన్ని నియంత్రించే సీపీపీసీ పద్ధతిలో ఫర్మ్‌వేరు అసలు వేగం చెప్పకపోతే కెర్నెల్ డీఎంఐ పట్టికలో (ఫర్మ్‌వేరు ఇచ్చే యంత్ర వివరాల జాబితా) వెతుకుతుంది, అక్కడా దొరకకపోతే 1 మెగాహెర్ట్జ్ అనుకుంటుంది. అది తెలివితక్కువ ఏర్పాటని ఆ కోడ్‌లోని వ్యాఖ్యే ఒప్పుకుంటుంది!)

ఆర్మ్‌కు నేను వేసిన ఆ రెండు మార్కులూ డివైస్ ట్రీ (బోర్డు హార్డ్‌వేరును కెర్నెల్‌కు వివరించే ఫైలు) ఇచ్చే వెసులుబాటుకే. టైమరు వివరాల్లో క్లాక్ వేగాన్ని 24000000 అని ఒక వరుస చేర్చగానే కెర్నెల్ రిజిస్టరును వదిలి దాన్నే తీసుకుంది, గడియారం కుదురుకుంది. ఇలా చేయవద్దని, ఫర్మ్‌వేరునే సరిచేయాలని పత్రాలు గట్టిగానే చెబుతున్నాయి. బోర్డు తయారీదారు నుంచి మాత్రం ఇంతవరకు సవరణ రాలేదు. ఆ వరుస అలాగే ఉంది.