ఎలక్ట్రిక్ పారామోటార్ ట్రైక్ కిట్: ఫ్రేమ్ భేష్, వైరింగ్ మాత్రం మార్చాల్సిందే

పారామోటార్ ట్రైక్ అంటే పారాచూట్ లాంటి గుడ్డ రెక్క కింద కూర్చుని ఎగిరే మూడు చక్రాల బండి. ఫ్రేమ్, మోటారు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్), 24ఎస్ (24 సెల్స్ వరుసగా కలిపిన) లిథియం అయాన్ బ్యాటరీ ప్యాక్ కలిపి వచ్చే కిట్ ఇది. ఫ్రేమ్‌కి వంక పెట్టలేం. వెనక చక్రాలు బాగా ఎడంగా ఉన్నాయి కాబట్టి, పరిగెత్తేటప్పుడు రెక్క ఓ పక్కకి లాగినా బండి తొందరగా పల్టీ కొట్టదు.

అసలు చిక్కు కరెంటు దగ్గరే. ఫుల్ చార్జ్‌లో ప్యాక్ వోల్టేజ్ 100.8. కనెక్టర్ నేరుగా తగిలిస్తే ఈఎస్‌సీ కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు లాగేస్తాయి: టప్‌మని నిప్పురవ్వ, పిన్ను కొన మీద నల్లటి గుంట. ఆ గుంట దగ్గర రెసిస్టెన్స్ పెరిగి, ఫుల్ థ్రాటిల్‌లో కనెక్టర్ కాలిపోతుంది. కెపాసిటర్లని ముందే మెల్లగా నింపే ప్రీచార్జ్ రెసిస్టర్ ఇవ్వకపోవడం క్షమించలేని లోపం. అలాంటి రెసిస్టర్ లోపలే ఉండే యాంటీ స్పార్క్ కనెక్టర్ వేసుకోండి. బ్యాటరీ వైర్లు పొడిగించకండి. పొడవు పెరిగితే వోల్టేజ్ స్పైకులు కెపాసిటర్లని తినేస్తాయి.

మొదటిసారి మోటారు తిప్పేది ప్రొపెల్లర్ లేకుండానే. ఉల్టా తిరిగితే మూడు ఫేజ్ వైర్లలో ఏ రెండైనా తారుమారు చేస్తే చాలు.

ప్యాక్ 4 కిలోవాట్ అవర్లు. సమతలంగా ఎగరడానికి 8 కిలోవాట్లు పడితే లెక్క ప్రకారం 30 నిమిషాలు. 20 శాతం మిగుల్చుకుంటే 24. ఎక్కేటప్పుడు ఇంకా తింటుంది. చలిలో వోల్టేజ్ త్వరగా కుంగుతుంది, అందుకే శాతం మీటర్ని కాకుండా సెల్ వోల్టేజ్‌ని చూడండి. లోడ్‌లో సెల్ 3.3 వోల్టులకి వస్తే దిగిపోవాలి.