ట్రేడ్‌మార్క్ ప్యాకేజీలు అమ్మేవాళ్లతో జాగ్రత్త: ఫారంలో ఎవరి ఈమెయిల్ పెడుతున్నారో చూడండి

మా బ్రాండ్ పేరు మీద వేసిన ట్రేడ్‌మార్క్ అప్లికేషన్ ‘అబాండన్డ్’ అయిపోయింది. పేరు పనికిరాదని రిజిస్ట్రీ (ట్రేడ్‌మార్క్‌లు నమోదు చేసే ప్రభుత్వ ఆఫీసు) కొట్టేయలేదు. అడిగినదానికి గడువులోగా జవాబు రాలేదు కాబట్టి మేమే వదిలేసుకున్నట్టు లెక్క. అసలు అడిగారన్న సంగతే నాకు తెలియదు. డబ్బు తీసుకున్న ఏజెన్సీకి మాత్రం తెలుసు.

ఆ ఏజెన్సీ పేరు రాయను. ‘3 రోజుల్లో ట్రేడ్‌మార్క్’ అనే ప్రకటన చిన్న వ్యాపారం చేసేవాళ్లందరి ఫోన్లలోకీ వస్తూనే ఉంటుంది, ఆ రకం వాళ్లే. డబ్బు కట్టాను, లోగో పంపాను, ఏజెంటుకు అధికారం ఇచ్చే టీఎం-48 ఫారం మీద సంతకం పెట్టాను. చెప్పిన టైముకే ఒక పీడీఎఫ్ వచ్చింది. చుట్టూ బంగారు రంగు అంచు, మధ్యలో మా లోగో, కింద అప్లికేషన్ నంబర్. దాంతోపాటు ఒక మెసేజ్: ‘కంగ్రాట్స్ మేడమ్, ఇక ప్యాకింగ్ మీద ఆర్ గుర్తు వేసుకోండి.’

అది పచ్చి అబద్ధం. ఆ నంబర్ అప్లికేషన్ అందిందనడానికి రసీదు మాత్రమే. దాంతో వేసుకోగలిగేది టీఎం, అంటే ఇది మా ట్రేడ్‌మార్క్ అని చెప్పుకునే గుర్తు మాత్రమే. రిజిస్టర్ కాని పేరు పక్కన సున్నాలో ఆర్ వేయడం 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం 107వ సెక్షన్ ప్రకారం తప్పు. డబ్బు తీసుకుని మరీ కస్టమర్ చేత చట్టాన్ని మీరించే సలహా ఇచ్చారు.

నిజానికి అసలు పని ఆ రసీదు తర్వాతే మొదలవుతుంది. ఎగ్జామినర్ అప్లికేషన్ చూసి రిపోర్ట్ ఇస్తాడు. పేరు సరుకు గుణాన్నే చెప్పేలా ఉంటే సెక్షన్ 9 కింద, ముందే ఉన్న మార్క్‌ను పోలి ఉంటే సెక్షన్ 11 కింద అభ్యంతరం పెడతాడు. జవాబుకు గడువు 30 రోజులు. రిజిస్ట్రీ ఒప్పుకుంటే పేరు ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో పడుతుంది. అక్కడి నుంచి 4 నెలల్లోగా ఎవరైనా వ్యతిరేకించవచ్చు. అలా ఎవరైనా నోటీసు వేస్తే, అది అందిన 2 నెలల్లో మనం కౌంటర్ (దానికి జవాబు) వేయాలి, లేకపోతే అప్పుడూ అబాండన్డే. ఇవన్నీ దాటితేనే సర్టిఫికెట్. 3 రోజుల్లో అయ్యేది ఫైలింగ్ ఒక్కటే.

ఒక డీలర్ స్టేటస్ అడిగితే సైట్‌లో చూశాను. ఎర్రగా అబాండన్డ్ అని ఉంది. కాళ్లూ చేతులూ ఆడలేదు. కింద ఎగ్జామినేషన్ రిపోర్ట్ ఉంటే తెరిచాను. సెక్షన్ 11 అభ్యంతరం, పోలికగా చూపిన మార్కుల పట్టిక. వాటిలో ఏదీ మా రకం సరుకు కాదు, గట్టిగా జవాబు ఇచ్చుకోదగ్గ అభ్యంతరమే. అప్పుడు ఫారం చూస్తే ఈమెయిల్ దగ్గర నాది లేదు, ఏజెన్సీది ఉంది. 2017 రూల్స్ ప్రకారం ఆ అడ్రసుకు మెయిల్ పంపిన క్షణమే మనకు అందినట్టు.

ఏజెన్సీకి ఫోన్ చేశాను. ‘రిపోర్ట్ మాకు వచ్చింది మేడమ్. మీది ఫైలింగ్ ప్యాకేజీ కదా, రిప్లై ప్యాకేజీ తీసుకోలేదుగా, అందుకే ఫార్వర్డ్ చేయలేదు’ అంది ఆ అమ్మాయి. ఒక్క మెసేజ్ పెడితే నేనే చూసుకునేదాన్ని కదమ్మా అన్నాను. ‘అది మా ప్రాసెస్‌లో ఉండదు మేడమ్.’ నేను ఇంకా తేరుకోకముందే, ‘కొత్తగా ఫైల్ చేద్దాం, పాత కస్టమర్ కదా, డిస్కౌంట్ ఇస్తాం’ అంది. వాళ్లే ముంచిన పనికి మళ్లీ నాకే బేరం! ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది.

ఇంకో దారుణం చూడండి. ఏళ్ల తరబడి అదే పేరుతో అమ్ముతున్నామని చెప్పినా, ఫారంలో ‘ప్రపోజ్డ్ టు బీ యూజ్డ్’ అని పెట్టారు. అంటే ఇంకా వాడకం మొదలే కాలేదని. వాడకం తేదీ చూపిస్తే అఫిడవిట్, పాత బిల్లులు జత చేయాలి, వాళ్లకు అదనపు పని. మన చట్టంలో ముందు నుంచి వాడుతున్నవాళ్ల హక్కుకు ఎంతో బలం ఉంది. ఆ బలాన్ని నా సొంత అప్లికేషనే కాదంది. రిజిస్ట్రేషన్ వస్తే హక్కు అప్లికేషన్ వేసిన తేదీ నుంచే లెక్కకు వస్తుంది. ఆ తేదీ కూడా ఇప్పుడు పోయింది. ప్రభుత్వ ఫీజు వెనక్కి రాదు.

కాబట్టి ఎవరికి ఇచ్చినా, ఫైల్ చేయకముందే టీఎం-ఏ (అప్లికేషన్ ఫారం) డ్రాఫ్ట్ అడిగి చూడండి. క్లాస్ (మీ సరుకు ఏ వర్గంలోకి వస్తుందో), వాడకం తేదీ సరిగ్గా ఉండాలి, మీ ఈమెయిల్ తప్పకుండా ఉండాలి. ఆన్‌లైన్‌లో ప్రభుత్వ ఫీజు వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఒక్కో క్లాస్‌కు రూ.4,500. మిగతాదంతా ఏజెన్సీ చార్జే, దేనికెంతో విడిగా రాసిమ్మనండి. స్టేటస్ రిజిస్ట్రీ సైట్‌లో ఎవరికైనా ఉచితమే, ఏజెంటు చెప్తాడని ఆగకుండా తరచూ చూసుకోండి. డ్రాఫ్ట్ చూపించమంటే నసిగేవాళ్లకు అడ్వాన్స్ కూడా ఇవ్వకండి.