ముట్టని ఒరిజినల్ అని అమ్మారు, లోపల మూవ్‌మెంటే వేరు: సెకండ్ హ్యాండ్ వాచ్ కొనేవాళ్ళు జాగ్రత్త

"సీకో ఎస్‌కేఎక్స్007, పక్కా ఒరిజినల్, 2018 తయారీ, ఇంతవరకు వెనక మూత కూడా విప్పలేదు." ఈ మాటలతో నాకు ఆన్‌లైన్‌లో వాచ్ అమ్మిన మనిషి, నేను దాన్ని తిప్పి పంపగానే అవే ఫొటోలు, అవే మాటలతో మళ్ళీ అమ్మకానికి పెట్టాడు. ఇంకెవరూ ఇరుక్కోకూడదని ఇది రాస్తున్నాను. ఈ మోడల్ తయారీ ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దొరికేవి దాదాపు అన్నీ చేతులు మారినవే. మోసాలు కూడా అందుకే దీని చుట్టూ ఎక్కువ.

పైకి వంక పెట్టడానికి ఏమీ లేదు. బరువుగా ఉంది, డయల్ చుట్టూ ఉండే బెజెల్ అనే రింగు బిగువుగా తిరుగుతోంది. టైమ్ సెట్ చేద్దామని పక్కనుండే క్రౌన్ అనే తిప్పుడు బిరడా మర విప్పి బయటికి లాగాను. సెకన్ల ముల్లు టక్కున ఆగిపోయింది.

అలా ఆగకూడదు. ఈ మోడల్‌లో కంపెనీ బిగించేది 7ఎస్26 అనే మూవ్‌మెంట్, అంటే వాచ్‌ని నడిపే లోపలి యంత్రం. దాంట్లో క్రౌన్ లాగినా సెకన్ల ముల్లు తిరుగుతూనే ఉంటుంది. క్రౌన్ తిప్పి కీ ఇవ్వడం కూడా కుదరదు. చెయ్యి కదిలినప్పుడు లోపల రోటర్ తిరిగి స్ప్రింగ్ చుట్టుకోవాల్సిందే. నాకు వచ్చిన వాచ్‌లో ముల్లు ఆగింది, కీ కూడా శుభ్రంగా ఎక్కింది. మూత విప్పకుండా మూవ్‌మెంట్ మారదు కదా!

తర్వాత వెనక మూత మీద సీరియల్ చూశాను. సీకో సీరియల్‌లో మొదటి అంకె తయారైన సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. అక్టోబర్, నవంబర్, డిసెంబర్‌లకు మాత్రం ఓ, ఎన్, డి అనే ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. నా వాచ్ సీరియల్ 48తో మొదలైంది. అంటే 2004 ఆగస్టు కావాలి, లేదా 2014 ఆగస్టు. 2018 కావడానికి వీల్లేదు. పైగా ఈ నంబర్ అమ్మకం ఫొటోల్లో ఎక్కడా కనిపించదు. వెనకవైపు ఫొటో ఒకటుంది గానీ నంబర్ ఉన్నచోట వెలుతురు పడి తెల్లగా పోయింది.

వాచ్ మెకానిక్ విప్పి చూస్తే లోపల ఉన్నది ఎన్‌హెచ్36. అది సీకో గ్రూపే బయటి కంపెనీలకు అమ్మే మూవ్‌మెంట్, మంచిదే. కావాలని మార్పించుకుని హాయిగా వాడుకునేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. నా గొడవ ఆ మార్పుతో కాదు, అది దాచిపెట్టి "ముట్టనిది" అని అమ్మడంతో. డయల్ కూడా బయటి సరుకే. భూతద్దంలో చూస్తే అక్షరాల అంచులు చెదిరి ఉన్నాయి, చీకట్లో మెరిసే పూత చుక్కల్లో ఒక్కోటి ఒక్కో మందాన ఉంది. ఇలా తలా ఒక చోటు నుంచి తెచ్చి అతికినవాటిని కలెక్టర్లు ఫ్రాంకెన్ వాచ్ అంటారు.

కాబట్టి కొనేముందు వీడియో అడగండి. ఫొటోలు ఎక్కడివైనా తెచ్చి పెట్టొచ్చు. ఆ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి, క్రౌన్ లాగి, సెకన్ల ముల్లు ఏం చేస్తుందో చూపించమనండి. వెనక మూత మీద నంబర్ చదవగలిగేలా ఉండాలి. మీరు కొనే మోడల్‌లో ఏ మూవ్‌మెంట్ ఉండాలో, అది ఎలా ప్రవర్తిస్తుందో ముందే తెలుసుకుని అడగాలి, లేకపోతే వీడియో చూసినా లాభం లేదు. నిజంగా వాచ్ చేతిలో ఉన్నవాడికి ఇది రెండు నిమిషాల పని. "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, ఈ రాత్రికే డబ్బు పంపండి" అని తొందరపెడితే అక్కడితో వదిలేయండి.

పాత స్విస్ వాచీలు చూసేవాళ్ళకు ఒక మాట. డయల్ అడుగున స్విస్ అనే మాటకు అటూ ఇటూ టి అక్షరం ఉంటే చీకట్లో వెలిగే పూతలో వాడింది ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం. దాని అర్ధాయువు సుమారు 12.3 ఏళ్ళు, అంటే అన్నేళ్ళకోసారి అది సగానికి తగ్గిపోతుంది. 1980ల నాటి డయల్ ఇప్పటికీ చీకట్లో ధగధగా వెలుగుతోందంటే పూత కొత్తగా వేశారన్నమాట.

రెప్లికా అని తెలిసే కొందామనుకునేవాళ్ళకు చెప్తున్నాను, వద్దు. నకిలీ సరుకు అమ్మడం చాలా దేశాల్లో నేరం, కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటే పార్సిల్ పోయినట్టే. "సూపర్ క్లోన్", అంటే అచ్చం అసలులాంటి నకిలీ అని చెప్పి, ఒరిజినల్ ఫొటో చూపించి నాసిరకం పంపినా, అసలేమీ పంపకపోయినా, మీరు వెళ్ళి ఎవరికి చెప్పుకుంటారు? చెప్పుకోలేరన్న ధైర్యంతోనే వాళ్ళు అంత తెగిస్తారు.

డబ్బు మాత్రం వెనక్కి రప్పించుకోగలిగే దారిలోనే కట్టండి. నన్ను కూడా కమిషన్ మిగులుతుందని సైట్ బయట కట్టమన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే ఇవాళ నా చేతిలో ఏమీ ఉండేది కాదు. పేపాల్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపమన్నా వినొద్దు, ఆ పద్ధతిలో కొనుగోలుదారుకు రక్షణ వర్తించదు. పార్సిల్ విప్పేటప్పుడు చిరునామా చీటీ నుంచి మొదలుపెట్టి ఆపకుండా వీడియో తీసుకోండి. ఫిర్యాదులో "మోసం చేశాడు" అని కోపంగా రాస్తే టైమ్ వేస్ట్. ప్రకటనలో ఏముంది, వచ్చిన వస్తువులో ఏముంది, పక్కపక్కన పెట్టి రాయండి. నేను పంపినవి ప్రకటన స్క్రీన్‌షాట్, ముల్లు ఆగుతున్న వీడియో, మెకానిక్ రాసిచ్చిన చీటీ. అమ్మినవాడు చివరిదాకా వాదించినా డబ్బు పూర్తిగా తిరిగొచ్చింది.