ఐసోట్రెటినాయిన్ వాడి ఆపాక: మొటిమల కన్నా నెలసరి లెక్కే పెద్ద పని

గడ్డం చుట్టూ, దవడల మీద గడ్డల్లాంటి మొటిమలు. మానినా గుంట పడేది. క్రీములు, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ అన్నీ అయ్యాక కర్నూలులో మా చర్మం డాక్టరమ్మ ఐసోట్రెటినాయిన్ 20 మి.గ్రా. రాసిచ్చింది. ఏడాదికి దగ్గరగా వాడాను. ఆపి కూడా చాన్నాళ్లయింది.

పని చేస్తుందా అంటే, చేస్తుంది. మొదట్లో ఇంకా ఎక్కువయ్యాయి, కొన్ని నెలలకు కొత్తవి రావడం ఆగింది. పాత గుంటలు అట్లే ఉన్నాయి. పెదాల సంగతి చెప్పక్కర్లేదు, మన మే నెల ఎండలో నవ్వితే చీలి రక్తం వచ్చేది. కొవ్వున్న తిండితో వేసుకుంటేనే మందు ఒంట్లోకి బాగా ఎక్కుతుందన్నారు కాబట్టి ఉగ్గాని బజ్జీ తిన్న పూట నిశ్చింతగా మింగేదాన్ని. (ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో కొవ్వు రిపోర్టు చూశాక బజ్జీలు తగ్గించమన్నారు, అది వేరే సంగతి.)

నేను ఇది రాస్తున్నది మాత్రం గర్భం గురించి. ఇది విటమిన్ ఎ జాతి మందు. ఇది వాడుతుండగా నెల తప్పితే బిడ్డ చెవులు, ముఖం, గుండె, మెదడు సరిగా ఏర్పడకపోవచ్చు, గర్భం నిలవకపోవచ్చు. తక్కువ డోసు కదా, నాలుగు రోజులే కదా అనడానికి లేదు. అమెరికాలో 1982లో అనుమతి వచ్చిన మందు. 2006 నుంచి అక్కడ ఐప్లెడ్జ్ అనే పద్ధతిలో పేరు నమోదు కావాలి, గర్భ పరీక్ష నెగటివ్ రావాలి, అప్పుడే మందు ఇస్తారు. మన దగ్గర అట్లా ఆపేవాళ్లు లేరు. షెడ్యూల్ హెచ్ మందైనా, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిందైనా, చీటీ అడగకుండా ఇచ్చే షాపులున్నాయి. అందుకే మన జాగ్రత్త మనదే.

నాకు మొదలుపెట్టే ముందే గర్భ పరీక్ష చేయించి, నెలసరి వచ్చాకే తొలి మాత్ర వేసుకోమన్నారు. ఆ తర్వాత నెలనెలా పరీక్ష. గర్భనిరోధక మాత్రలు, దాంతోపాటు కండోమ్, రెండూ. ఆపాక కూడా ఒక నెల ఇదే వరస. ఆ నెల దాటేదాకా రక్తదానం కూడా వద్దు, ఆ రక్తం ఏ గర్భిణికి ఎక్కుతుందో ఎవరికి తెలుసు? నెలసరి తప్పితే మాత్ర అక్కడే ఆపి అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయమన్నారు.

ఇంట్లోనే కష్టం. అత్తమ్మ "ఇంకా ఏం విశేషం లేదామ్మా?" అని అడిగినప్పుడల్లా, మందు అయ్యేదాకా ఆగాలని మా ఆయనే చెప్పేవాడు. నాకు వణుకు పుట్టించింది తోడికోడలి మాట. నా ముఖం చూసి "అక్కా, మిగిలినవి ఉంటే నాకియ్యి, ఊరికే పారేస్తావా?" అంది. అప్పటికే వాళ్లు బిడ్డ కోసం చూస్తున్నారు. స్ట్రిప్పు వెనక ఉన్నది సన్నక్షరాల ఇంగ్లీషు, ఆ పిల్ల ఎక్కడ చదువుతుంది? మిగిలినవన్నీ డాక్టరమ్మకే ఇచ్చేశాను. బిడ్డ కోసం చూస్తున్నవాళ్లకు అజెలాయిక్ యాసిడ్ క్రీము లాంటివి ఉన్నాయి, డాక్టరును అడగండి. డాక్సీసైక్లిన్, మొటిమలకు రాసే అడాపలిన్ కూడా గర్భంలో వద్దంటారు.

డాక్టర్ల మీద నాకున్న కంప్లయింటు ఒకటే. పెళ్లైన నన్ను ఇన్ని అడిగినవాళ్లే, తల్లితో వచ్చిన కాలేజీ పిల్లను ఏమీ అడగరు, మొహమాటం. తల్లిని కాసేపు బయట కూర్చోమని పిల్లతో విడిగా మాట్లాడే డాక్టరు దొరికితే, దూరమైనా అక్కడికే పోండి.