బీరు అడిగితే బీరువా వాసన: కడపలో కొనేవాళ్లకు ఒక హెచ్చరిక

వారమంతా ఆఫీసులో నలిగి, శనివారం సాయంత్రం ఒక చల్లటి బీరుతో కూర్చునే అలవాటున్న మన కడప వాళ్ల కోసం ఇది రాస్తున్నా. మరీ ముఖ్యంగా లైట్ బీరు, అంటే ఆల్కహాల్ తక్కువుండే రకం తాగేవాళ్ల కోసం. ఎందుకో కిందికి వచ్చేసరికి తెలుస్తుంది. షాపు పేరు రాయను. అక్కడొక్కచోటే అయితే ఇంత రాసేవాణ్ని కూడా కాదు. నాకు తెలిసిన ఇద్దరికి ఊళ్లో వేరే వేరే చోట్ల ఇదే అనుభవం అయింది.

నాది లెక్కల ఉద్యోగం. మార్చి ఆఖరు అంటే మాకు ఇల్లూ వాకిలీ గుర్తుండవు. అవన్నీ ముగిసి, ఈ ఏప్రిల్లో ఒక శనివారం కాస్త ఊపిరి పీల్చుకున్నాం. ప్రొద్దుటూరు నుంచి బామ్మర్ది వచ్చాడు, పక్కింటాయన కూడా కలిశాడు. సాయంత్రం మిద్దె మీద నీళ్లు చల్లి మంచాలు వేశాం. వేయించిన చెనక్కాయలు, ఉల్లిపాయ ముక్కలు, వేడివేడి మిరపకాయ బజ్జీలు. తక్కువైంది బీరు ఒక్కటే. ఎప్పుడూ కొనే షాపు దగ్గర జనం తోసుకుంటున్నారని బండి తిప్పి ఊరి చివర ఇంకో షాపుకు పోయాను. అక్కడే దెబ్బ తిన్నాను.

షాపు పడమటి గోడకు ఆనించి బీరు కేసులు నిలువెత్తు పేర్చి ఉన్నాయి. పైన రేకు లేదు, గుడ్డ లేదు. సాయంత్రం ఐదున్నరకు కూడా ఎండ వాటి మీదే పడుతోంది. చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు, ఆ తప్పు నాదే.

"లైట్ ఆరు, కూల్‌వి" అన్నాను.

"కూలింగుకు సీసాకు పది జాస్తి నా" అన్నాడు కౌంటర్లో అబ్బాయి.

అరవై రూపాయలకు గొడవ ఎందుకులే అని ఫోన్‌పే కొట్టాను. బిల్లు లేదు. నల్ల కవర్లో వేసి గ్రిల్ సందులోంచి తోశాడు. సీసాలు మంచులా ఉన్నాయి, చెయ్యి పెడితే జివ్వుమంది. అంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

ఇంటికొచ్చి గ్లాసులో పోస్తే నురగ ఇట్టే వచ్చి అట్టే పోయింది. రంగు మామూలు కంటే కొంచెం ముదురు. మొదటి గుక్క చల్లగా ఉంది కాబట్టి దిగిపోయింది. రెండో గుక్కకు ఏదో తేడా. వానకు తడిసి ఆరిన అట్టపెట్టె ఉంటుందే, ఆ వాసన. దాని వెనకాలే మాడిన చక్కెర లాంటి తీపి. బామ్మర్ది గ్లాసు కింద పెట్టి, "బీరు తెమ్మంటే బీరువా తెచ్చినావా బావా, పాత పుస్తకాల వాసన కొడ్తాంది" అన్నాడు. నవ్వుకున్నాం గానీ ఆ తరువాత ఎవరూ గ్లాసు ముట్టలేదు.

ఫోన్ టార్చి వేసి సీసాలు ఒక్కొక్కటే చూశాం. ఆరింట్లో నాలుగే లైటు. ఆ నాలుగూ పోయిన ఆగస్టులో తయారైనవి, ఆరు నెలల్లోపు వాడాలని లేబుల్ మీదే ఉంది. అంటే ఫిబ్రవరితోనే వాటి గడువు అయిపోయింది. మిగతా రెండు స్ట్రాంగ్. అడగకుండానే మధ్యలో కలిపేశాడు. విడ్డూరం ఏమిటంటే, ఆ రెండింటి తేదీ మాత్రం బాగానే ఉంది.

ఆలోచిస్తే అందులో విడ్డూరం ఏమీ లేదు. మన దగ్గర ఎక్కువమంది తాగేది స్ట్రాంగే. ఆ సరుకు వచ్చింది వచ్చినట్టు పోతుంది. లైటు అడిగేవాళ్లు తక్కువ, కాబట్టి ఆ కేసులు నెలల తరబడి కదలవు. ఎండలో మగ్గేవి కూడా అవే. ఇంకొకటి, 2019 నుంచి ఐదేళ్లు ప్రభుత్వ షాపులున్న కాలంలో మనకు అడిగిన బ్రాండు దొరకడమే గగనం. పేరు వినని సీసా చేతిలో పెట్టినా కళ్లకద్దుకుని తెచ్చుకున్నాం. 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు మళ్లీ వచ్చి తెలిసిన బ్రాండ్లు కనబడేసరికి ఆ సంతోషంలోనే ఉండిపోయాం, తేదీ చూసే అలవాటు మాత్రం తిరిగి రాలేదు. 2025 అక్టోబరులో ములకలచెరువు దగ్గర కల్తీ మద్యం తయారీ బయటపడ్డాక బ్రాందీ, విస్కీ కొనేవాళ్లు 'అసలుదేనా' అని అడగడం నేర్చుకున్నారు. బీరు కొనేవాళ్లలో మాత్రం 'ఎప్పటిది' అని అడిగేవాడు నాకు ఇంతవరకు కనబడలేదు.

అడగాల్సింది బీరుకే. పది శాతం, అంతకు మించి ఆల్కహాల్ ఉన్నవాటికి గడువు తేదీ వేయాల్సిన పని లేదు. విస్కీ సీసా అల్మారాలో ఏళ్లు ఉన్నా ఏమీ కాదు. బీరు అలా కాదు, దాదాపు పాల ప్యాకెట్ లాగా చూడాలి. మరీ ఒక్కరోజులో విరిగిపోదు గానీ రోజురోజుకూ దిగిపోతుంది. వేడి ఎక్కువైతే ఇంకా తొందరగా. పది డిగ్రీలు పెరిగితే ముసలితనం రెండు మూడు రెట్లు వేగంగా వస్తుందని లెక్క. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే నలభై దాటుతుంది. ఎండలో పెట్టిన కేసు లోపల ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆ అట్టపెట్టె వాసన వేడికి మగ్గిన బీరుదే. అది విషం కాదు, తాగితే ఆసుపత్రి పాలు కారు. కానీ నాలుగు రాళ్లు పెట్టి కొన్నది రుచి కోసమే కదా.

ఎండ వెలుతురు చేసే చెడు వేరు. బీరుకు చేదునిచ్చే హాప్స్ అనే పూల సారం వెలుతురు తగిలితే విడిపోయి గంధకపు గబ్బు పుడుతుంది. రవ్వంత ఉన్నా ముక్కుకు తెలిసిపోతుంది. గోధుమరంగు గాజు ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చ గాజు అంతగా ఆపదు, తెల్ల గాజు అసలు ఆపదు. టుబోర్గ్, కార్ల్స్‌బర్గ్, హైనెకెన్ లాంటివి ఆకుపచ్చ సీసాల్లో వస్తాయి. నాకు అవి ఇష్టమే, కాకపోతే లోపల చీకట్లో, అట్టపెట్టెలో ఉన్నవే అడిగి తీసుకుంటా. రేకు డబ్బాల్లో (క్యాన్లలో) వచ్చే బీరుకు వెలుతురు బాధ లేదు, వేడి బాధ మాత్రం తప్పదు.

ఇదంతా కప్పిపెట్టేది ఆ 'కూల్' అనే మాటే. బాగా చల్లగా ఉంటే నాలుకకు రుచి, ముక్కుకు వాసన సగం తెలియవు. పైగా నీళ్లు కారే సీసా మీద కాగితం నాని తేదీ అలుక్కుపోతుంది. పది రూపాయలు ఎక్కువిచ్చి ఆ ముసుగు మనమే కొనుక్కుంటున్నాం. అసలు ఆ పది రూపాయలు తీసుకోవడమే చట్టవిరుద్ధం. ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దానికి మించి పైసా అడగకూడదు.

మరుసటి రోజు పొద్దున ముట్టని సీసాలు తీసుకుని మళ్లీ పోయాను. "కూల్‌ది పోయినాక వాపసు లేదు నా. యాడికి పోయినా ఇంతే" అన్నాడు. తేదీ చూపిస్తే "కంపెనీ వాళ్లనడుగు" అన్నాడు. బిల్లు అడిగితే ప్రింటరు పని చేయడం లేదన్నాడు. ఫోన్‌పేలో డబ్బు పోయినట్టు ఉంది గానీ, ఏ సరుకుకు పోయిందో దాంట్లో ఉండదుగా. బిల్లు లేకపోవడంతో నా నోరు సగం మూతపడింది. అందుకే చెప్తున్నా, డబ్బులిచ్చేముందే సీసా తిప్పి తేదీ చూడండి, కనబడకపోతే వద్దనండి, బిల్లు పట్టుబట్టి అడగండి. వీలైతే చల్లగా లేనిది తీసుకుని ఇంట్లో రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఫ్రీజర్లో పెట్టి మరిచిపోవద్దు. గడ్డకట్టి ఉబ్బితే సీసా పగులుతుంది, మా ఇంట్లో అదీ అయింది. లేబుల్ ఫొటో, బిల్లు ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

ఆ రెండు స్ట్రాంగ్ సీసాల విషయం తేలిగ్గా తీసుకోకండి. లైటు ఐదు శాతం దాకా ఉంటుంది, స్ట్రాంగ్ ఎనిమిది దాకా పోతుంది. 650 మిల్లీలీటర్ల సీసాలో లైటు అయితే సుమారు 32 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్, స్ట్రాంగ్ అయితే 52. అరవై మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది 26 లోపే. అంటే ఒక స్ట్రాంగ్ సీసా రెండు పెద్ద పెగ్గులతో సమానం. లైటే కదా అనుకుని చీకట్లో అది తాగి బండి తీసినవాడి గతి ఏమిటి? వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, మొదటిసారికే పదివేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. బామ్మర్ది ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకున్నాడు కాబట్టి సరిపోయింది.

ఆ దెబ్బతో నెల రోజులు బీరు జోలికి పోలేదు. ఆఫీసు నుంచి వస్తూ నన్నారి షర్బత్ మొదలుపెట్టాను. నిమ్మకాయ పిండి, గోలీ సోడా కొట్టి ఇస్తే నిజంగానే తల తేలికవుతుంది. అయితే అక్కడా కళ్లు తెరిచే ఉండాలి. నన్నారి అంటే సుగంధిపాల వేరు. అసలు పాకం గోధుమరంగులో ఉండి, వేరు వాసన నెమ్మదిగా తగులుతుంది. ఎర్రగా మెరుస్తూ, మూత తీయగానే సెంటు కొట్టినట్టు గుప్పుమంటే అది చక్కెర పాకం, రంగు, ఎసెన్సు. సీసా కొంటే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు ఉందో లేదో చూసుకోండి. బీరు రుచే కావాలి, మత్తు వద్దు అనుకునేవాళ్లకు హైనెకెన్ 0.0, బడ్‌వైజర్ 0.0 ఉన్నాయి. నాకు అంతగా ఎక్కలేదు, మా పక్కింటాయన మాత్రం వాటికే మారిపోయాడు. వాటికీ గడువు తేదీ ఉంటుంది.

ఇప్పుడు మళ్లీ నెలకు రెండుసార్లు తాగుతున్నా, పాత షాపులోనే, క్యూలో నిలబడి. అక్కడ అబ్బాయికి నేను సీసా తిప్పి చూడటం అలవాటైపోయింది, తనే తేదీ నా వైపు తిప్పి పెడతాడు.

నిన్న ఆ ఊరి చివరి షాపు ముందు నుంచి పోయాను. కేసులు పడమటి గోడకే ఉన్నాయి. ఈసారి పైన నీలం టార్పాలిన్ కప్పారు, సగం వరకు.