పాట వినకుండానే బిల్లు కట్టి వచ్చాం

మూడు రోజుల సంగీతోత్సవం. నేను, మా ఆయన, మా తమ్ముడు నాలుగు నెలల ముందే అన్నీ బుక్ చేసుకున్నాం. ప్రయాణం హాయిగా సాగింది. తెల్లారితే మొదటి కచేరీ అనగా రాత్రి పదింటికి ఈమెయిల్ వచ్చింది: ఈదురుగాలుల హెచ్చరిక, ఉత్సవం రద్దు. అప్పటికే లోపలికి వెళ్లడానికిచ్చిన రిస్ట్‌బ్యాండ్ కట్టుకుని కూర్చున్న తమ్ముడు ఆ మెయిల్ రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా లేచి కత్తెర వెతికాడు. "వద్దురా, రీఫండ్‌కి బ్యాండ్ మీద నంబరు అడుగుతారేమో" అన్నాను.

రద్దు చేశారని నాకు కోపం లేదు. 2011లో అమెరికాలోని ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో గాలికి స్టేజీ పైకప్పు కూలి ఏడుగురు పోయారు. మెయిల్ వచ్చిన మర్నాడు మా ఉత్సవం స్టేజీని కంచె బయటి నుంచి చూశాం కూడా, కప్పిన టార్పాలిన్లు తెరచాపల్లా ఉబ్బుతున్నాయి, స్పీకర్లు దింపేస్తున్నారు. నా మంటంతా డబ్బుల దగ్గరే.

మొత్తం ఖర్చు 100 అనుకోండి. విమానం 40, టికెట్లు 30, గది 22, చిల్లర ఖర్చులు 8. తిరిగొచ్చింది 14. అదీ 41 రోజులకి! మా ఇద్దరి టికెట్లు 16కి కొన్నాం, అందులో బుకింగ్ ఫీజు 2 మినహాయించుకున్నారు. పాటే లేనప్పుడు దేనికి ఫీజు?

గది సంగతి చెప్తే నవ్వుతారు. కాస్త చవకని, రద్దు చేసుకుంటే పైసా రాని రేటుకి తీసుకున్నది నేనే. రిసెప్షన్‌లో అడిగితే, "కచేరీ రద్దయింది గానీ గది రద్దవలేదు కదండీ, ఉండండి" అన్నాడు. మాట్లాడ్డానికేం లేదు. మా ఆయన మూడు రోజులూ పడుకున్నాడు, ఆయనకి ఏ బాధా లేదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్లదీ అదే రాగం: "మీ ప్రయాణం ఆగలేదుగా." పాలసీలో ఏయే కారణాలకి డబ్బిస్తారో కొనేముందే చదవండి. గదికి నాలుగు డబ్బులు ఎక్కువైనా రద్దు చేసుకోగలిగే రేటే తీసుకోండి.

అసలు దెబ్బ తిన్నది తమ్ముడు. వాడి టికెట్ ఆలస్యంగా, ఎవరో అమ్ముకుంటుంటే 14 పెట్టి కొన్నాడు. రీఫండ్ మొదట కొన్నవాడి కార్డుకే వెళ్తుందట. అంటే ఆ మనిషికి రెండుసార్లు ముట్టింది, వీడికి సున్నా. మర్యాదగా మెసేజ్ పెట్టాడు, తర్వాత కొంచెం తక్కువ మర్యాదగా ఇంకోటి.

రెండింటికీ నీలం టిక్కులు పడ్డాయి.